ముట్టకూడని తెర

మా జిల్లా పెద్దాసుపత్రిలో వస్తువులు రెండే రకాలు. ఇంకా కొననివి కొన్ని, కొని తాళం వేసినవి కొన్ని. రోగికి పనికొచ్చేవి మూడో రకం. వాటిని రోగి చుట్టాలు బజార్లో కొని తెచ్చుకుంటారు.

ఈ సంగతి తెలియక కాదు నీలవేణి వేలు పెడితే పలికే ఒక చిన్న తెర అడిగింది. ఆశ, అంతే. ఆవిడ అక్కడ స్పీచ్ థెరపిస్టు. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్లకు మళ్లీ మాట నేర్పే ఉద్యోగం. కాంట్రాక్టు మీద చేరిన మనిషి కాబట్టి ఆవిడకు పని మొత్తం ఉంది, అధికారం మాత్రం లేదు.

అప్పుడే వార్డులోకి పైడమ్మ వచ్చింది. పైడమ్మ అంటే రేవులో చేపలు వేలం పాడే మనిషి. తెల్లారగట్ల పడవలు ఒడ్డుకు చేరాక ఆవిడ గొంతెత్తితే బేరగాళ్లు గొడుగులు మడుచుకుని నిలబడేవారట. ఇంట్లో మాట్లాడే పని అంతా ఆవిడే చూసుకునేది, వినే పని మొగుడు ఎర్రయ్య చూసుకునేవాడు. ఏళ్లుగా ఆ కాపురం ఏ గొడవా లేకుండా నడిచింది. ఒకరోజు రేవులోనే పాట మధ్యలో కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, నోట మాట పోయింది. చెప్పింది అర్థమవుతుంది, బుర్ర పాదరసమే. మాట మాత్రం పెదాల దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది.

"మేడమ్ గారూ, మా ఆడది ఏటో అడుగుతంది. నాకు తెల్డం నేదు," అన్నాడు ఎర్రయ్య మొదటిరోజే. "నీల్లంటే కాదంటది. దుప్పటంటే కాదంటది. నా మొకం సూసి ఏడుస్తంది. ఇంతకు ముందైతే నా మొకం సూసి తిట్టేది. అదే బాగుండేదమ్మా."

మాట పోయినవాళ్లకు మొదటి నెలలే ముఖ్యం. అప్పుడు పట్టుకుంటే మాట వెనక్కి వస్తుంది. అప్పుడు జారనిస్తే తర్వాత ఎంత గింజుకున్నా వచ్చేది కొద్దే. ఇది నీలవేణికి తెలుసు కాబట్టి ఆవిడకు తొందర. తొందర అనే జబ్బు ఆ ఆసుపత్రికి మాత్రం ఎన్నడూ సోకలేదు.

నీలవేణి అట్టముక్కల మీద బొమ్మలు గీసింది. చెంబు, కంచం, దిండు, కన్నీళ్లు కారుతున్న మొహం. పైడమ్మ ఎడమచేతి వేలితో ఒక బొమ్మ ముట్టుకుంటే నీలవేణి ఆ మాట పలికేది, పైడమ్మ ఆ మాట కోసం పెదాలు కదిపేది. కొన్నాళ్లకు చెంబు మీద వేలు పెట్టి "నీ..." అంది. సగం మాటే గానీ ఎర్రయ్య ఆ సగానికే వార్డంతా తిరిగి అందరికీ చెప్పి వచ్చాడు.

చిక్కెక్కడంటే, వార్డులో అలాంటివాళ్లు చాలామంది, నీలవేణి ఒక్కతే. మాట రావాలంటే ఒకే మాట రోజంతా వినాలి, వందసార్లు ముట్టాలి, వందసార్లు అనాలి. అందుకే ఒక టచ్‌స్క్రీన్ మానిటర్ అడిగింది. మనిషి పొట్ట మీద నిలిచేంత చిన్నది, ఒంటిచేత్తో ఒక పడక నుంచి ఇంకో పడకకు పట్టుకెళ్లేంత తేలికది. వెనక చిన్న కాలు ఉండాలి. ఒకే వైరుతో పని జరగాలి, ఎందుకంటే పడకల దగ్గర ప్లగ్గులు మొబైళ్ల ఛార్జర్లకే చాలవు. కిటికీ వెలుతురు పడినా బొమ్మ కనబడాలి. వణికే వేలు మెల్లగా తాకినా పలకాలి. బొమ్మలూ, మాటలూ తనే సిద్ధం చేసుకుంది, తన గొంతుతోనే రికార్డు చేసుకుంది. ఇక తెర వస్తే చాలు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఆ ఆసుపత్రిలో దేవుడు సూపరింటెండెంటు డాక్టర్ వరాహాలరావు గారు, పూజారి పరిపాలనాధికారి దక్షిణామూర్తి గారు. వరాహాలరావు గారు ఎవరేం అడిగినా "చూద్దాం" అనేవారు. దక్షిణామూర్తి గారు నిజంగానే చూసేవారు. అదీ ప్రమాదం.

దక్షిణామూర్తి గారు నీలవేణిని పిలిపించి కూర్చోబెట్టకుండా అడిగారు.

"పోర్టబుల్ అని రాశారు. అనగా?"

"పట్టుకెళ్లడానికి వీలుగా ఉండేది సార్. పడక పడకకీ తిప్పాలి."

"పట్టుకెళ్లడానికి వీలైనది," అని ఆయన కళ్లు మూసుకుని ఆ మాటను నెమరేశారు. "అంటే ఎత్తుకుపోవడానికి వీలైనది. ఆ సంగతి తయారుచేసినవాడే పెట్టె మీద అచ్చువేసి ఒప్పుకుంటున్నాడు. ప్రభుత్వ సొమ్ముతో దొంగకు అనుకూలమైన వస్తువు కొనమంటారా మేడమ్?"

"కదలకపోతే దాంతో పనేం లేదు సార్."

"ఆ రెండూ సమన్వయపరచాలి. కమిటీ వేద్దాం," అన్నారాయన. కమిటీ అన్నప్పుడు ఆయన మొహంలో ఒక వెలుగు వస్తుంది. మనవణ్ణి ఎత్తుకున్నప్పుడు కూడా అంత వెలుగు రాదని వాళ్లింట్లోవాళ్లే అంటారు.

కమిటీ పడింది. పడ్డాక మొదట చేసిన పని నీలవేణి అట్టముక్కలు స్వాధీనం చేసుకోవడం.

"పరికరం కొనుగోలు ప్రక్రియలో ఉండగా ప్రత్యామ్నాయం వినియోగించరాదు," అన్నారు దక్షిణామూర్తి గారు. "రేపు ఆడిట్ వాళ్లొచ్చి, అట్టముక్కలతో జరుగుతున్న పనికి మానిటరెందుకని అడిగితే మీరు సమాధానం చెబుతారా? మీరు కాంట్రాక్టు. చెప్పాల్సింది నేను."

"ఆమెకిప్పుడిప్పుడే ఒక మాట అందుతోంది సార్. మధ్యలో ఆపితే పోతుంది."

"ఒక మాట కోసం విధానం మార్చలేం కదా," అని ఆయన అట్టముక్కలను సంచిలో వేయించి, సంచికి లక్క వేయించి, లక్క మీద ముద్ర వేయించారు. చెంబు, కంచం, దిండు, ఏడుపు మొహం స్టోరుగదిలో పాత మంచాల కిందకు చేరాయి.

నీలవేణికి ఆ పూట అన్నం సయించలేదు. నోటిమాటగా నేర్పడం మానలేదుగానీ, ఒక్కొక్కరి దగ్గర కూర్చోడానికి దొరికే సమయమెంత? పైడమ్మ దుప్పటి మీద ఎడమచేత్తో తడిమి అట్టముక్కల కోసం వెతికేది. దొరక్క మొహం అటు తిప్పేసుకునేది. కొన్నాళ్లకు "నీ" కూడా పోయింది. ఎర్రయ్య ఈసారి ఎవరికీ చెప్పలేదు.

మానిటర్ ఎంపిక సమావేశం సూపరింటెండెంటు గారి గదిలో పకోడీల సమేతంగా జరిగింది. అమ్మకందార్లు మూడు రకాలు తెచ్చి బల్ల మీద పెట్టారు. వాటిలో ఒకటి అచ్చం నీలవేణి అడిగినట్టే ఉంది. చిన్నది, చుట్టూ రబ్బరు అంచు, ఒకే వైరు. ఆవిడ దాన్ని ఎత్తి, ఒళ్లో పెట్టుకుని, తల వంచి వెలుతురుకు చూసి, వేలి కొసతో మెల్లగా తాకింది. వెంటనే పలికింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది.

"ఇది చాలు సార్," అంది.

"చాలు అనేది సాంకేతిక పదం కాదు," అన్నారు దక్షిణామూర్తి గారు. "పైగా మరీ చిన్నదిగా ఉంది. రేపు పెద్దలెవరైనా వస్తే ఏం చూపిస్తాం? చిన్నది కొన్నారని చిన్నచూపు చూడరూ?"

కమిటీ సభ్యులందరూ పరికరాన్ని స్వయంగా పరీక్షించాలని నిబంధన. వరాహాలరావు గారు పకోడీ తింటున్న చేత్తోనే తెర మీద వేలు పెట్టారు. తెర పలికింది, వేలిముద్ర మిగిలింది. నూనె మెరుస్తూ, ఉల్లిపాయ ముక్కతో సహా. అది చూసి ఇన్ఫెక్షన్ల నివారణ అధికారి డాక్టర్ చిత్రలేఖ గారు కుర్చీలోంచి లేచారు. ఆవిడ ఏ తలుపునూ చేత్తో తియ్యరు, మోచేత్తో నెడతారు.

"ఒక్క ఆరోగ్యవంతుడైన అధికారి వేలు ఇంత చేస్తే," అన్నారావిడ, "రోగుల వేళ్లు ఎంత చేస్తాయో ఊహించండి. ఒకరు ముట్టింది ఇంకొకరు ముడతారు. వార్డు వార్డంతా అంటుకుంటుంది. ఈ తెరను రోగులు ముట్టడానికి నేను ఒప్పుకోను."

"తుడిస్తే పోతుంది మేడమ్. ఒక గుడ్డ, కాస్త మందు. నేనే తుడుస్తాను," అంది నీలవేణి.

"తుడవడం కూడా ముట్టడమే," అన్నారు చిత్రలేఖ గారు.

అంత లోతైన మాట ఆ గదిలో చాలాకాలంగా ఎవరూ అనలేదు. దక్షిణామూర్తి గారు నెమ్మదిగా తలూపి, తీర్మానం పలికారు.

"టచ్‌స్క్రీన్ కొనుగోలుకు కమిటీ ఆమోదించడమైనది. దానిని ముట్టుట నిషేధించడమైనది."

అసలే కోతి, ఆపైన కల్లు తాగింది, ఆ మీద తేలు కుట్టింది. ఆ తీర్మానం తర్వాత జరిగినదాన్ని ఇంతకంటే ఎక్కువ వర్ణించనక్కర్లేదు. అయినా వర్ణించకపోతే మీరు నమ్మరు.

తెర వచ్చింది. చిన్నదే వచ్చింది, పెద్దదానికి డబ్బు చాలక. దక్షిణామూర్తి గారు దొంగల సమస్యను, వేళ్ల సమస్యను ఒకే దెబ్బతో తీర్చారు. పై అంతస్తులో ఒక గది మధ్య సిమెంటు దిమ్మ కట్టించారు. దిమ్మ మీద అద్దాలపెట్టె. పెట్టెలో తెర, దానికి తోడు నీలవేణి బొమ్మలూ గొంతూ ఎక్కించిన కంప్యూటరు, తెర నుంచి దిమ్మకు ఇనుప గొలుసు. పెట్టెకు తాళం, ఆ తాళంచెవి సూపరింటెండెంటు గారి ఇనప్పెట్టెలో, ఆ ఇనప్పెట్టె తాళంచెవి దక్షిణామూర్తి గారి మొలతాడుకు. ఇంత చేశాక ఆయన నీలవేణిని పిలిచి చూపించారు. చేపల రేవులో పెద్ద కోనాం చేప పట్టినవాడి నవ్వు ఆయన మొహంలో.

"మరి పడక దగ్గరికి ఎలా తీసుకెళ్లాలి సార్?"

"యంత్రం వెళ్లదు. రోగులను యంత్రం దగ్గరికి తెస్తాం. పోర్టబుల్ అనే నిబంధన ఆ విధంగా నెరవేరుతుంది."

"లిఫ్టు పనిచెయ్యదు కదా సార్."

"అది వేరే ఫైలు."

అలా కాళ్లు పడిపోయినవాళ్లను స్ట్రెచర్ల మీద మెట్లెక్కించడం మొదలైంది. ఎర్రయ్య, ఇంకో ముగ్గురు చుట్టాలు కలిసి పైడమ్మను వల మోసినట్టు మోసుకుని పైకి తెచ్చారు. పైడమ్మకు గాజుపెట్టెలో చెంబు బొమ్మ కనబడింది. వెంటనే ఎడమచెయ్యి చాచింది. గోరు అద్దానికి తగిలి టక్కుమంది. తెర పలకలేదు. మళ్లీ తట్టింది, మళ్లీ టక్కు. నీలవేణి ఆ చెయ్యి పట్టుకుంది.

"కంగారు పడకండి. ఏర్పాటు ఉంది," అన్నారు దక్షిణామూర్తి గారు. ఆ ఏర్పాటును ఆయన నిలబడి చదివారు. "పరికరాన్ని అధీకృత స్పర్శకుడు మాత్రమే ముట్టవలెను. అధీకృత స్పర్శకుడు రెగ్యులర్ ఉద్యోగియై, అధికారి హోదా కలిగి ఉండవలెను. రోగి తనకు కావలసిన బొమ్మ పేరును స్పష్టంగా, మౌఖికంగా తెలియజేయవలెను. తదుపరి అధీకృత స్పర్శకుడు చేతితొడుగు ధరించి సదరు బొమ్మను ముట్టవలెను. యంత్రం ఆ పేరును పలుకును. అదనపు బాధ్యతగా ఆ పదవిని నేనే స్వీకరించాను."

నీలవేణి మెల్లగా అడిగింది.

"సార్, ఆవిడ బొమ్మ పేరు చెప్పగలిగితే ఈ యంత్రం దేనికి?"

"చెప్పలేకపోతే ఏ బొమ్మ ముట్టాలో నాకెలా తెలుస్తుంది?"

ఈ ప్రశ్నకు జవాబు మీ దగ్గర ఉంటే చెప్పండి, ఆయన కమిటీలో పెడతారు.

ఎర్రయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "బావూ, అది నీల్లు అడుగుతంది. సెంబు కేసి సూపిస్తంది కదా. తవరు ఒక్కపాలి ముట్టండి."

"చూపించడం మౌఖికం కాదయ్యా," అన్నారు అధీకృత స్పర్శకుడు గారు, దయగానే. "ఆవిణ్ణి చెప్పమను. తొందరేం లేదు."

పైడమ్మ ఆయన్ని చూసింది. ఒకప్పుడు కుళ్లిన చేపను తాజా అని అంటగట్టబోయినవాణ్ణి చూసిన చూపది. పెదాలు అదిరాయి, మెడ నరాలు ఉబ్బాయి, మాట రాలేదు. స్ట్రెచరు కిందికి దిగింది. రోజూ ఎక్కేది, రోజూ దిగేది. వర్షాలు మొదలయ్యాయి. పడవలు వేటకు వెళ్లడం, రావడం మామూలే. రేవులో వేలం ఇంకెవరో పాడుతున్నారని ఎర్రయ్య చెప్పాడు. అది విన్నరోజు పైడమ్మ గోడవైపు తిరిగి పడుకుని నీలవేణి ఎంత పిలిచినా తిరగలేదు.

నీలవేణి రాత్రి పడుకుంటే గడిచిపోయిన వారాలే కళ్లముందు కనిపించేవి. ఈ మనిషికి మాట రాకపోతే దానికి పక్షవాతం కారణం కాదు, మేమే కారణం అనుకునేది. ఒకరోజు అట్టముక్కలు కొత్తవి గీసి చీర కొంగులో దాచి తెచ్చింది. వార్డు గుమ్మంలోనే దొరికిపోయింది. మెమో ఇచ్చారు.

ఇంతలో రాజధాని నుంచి డైరెక్టరు గారు వస్తున్నారని కబురు. యంత్రాన్ని లాంఛనంగా ప్రారంభించడానికి. ఇన్నాళ్లూ వాడిందేమిటని అడక్కండి, అది ట్రయలు. దక్షిణామూర్తి గారు పందిరి వేయించారు, అద్దాలపెట్టె చుట్టూ బంతిపూల దండలు కట్టించారు. లబ్ధిదారు ఒకరు కావాలి కాబట్టి పొద్దున్నే పైడమ్మకు కొత్త చీర కట్టించి, చక్రాల కుర్చీలో మెట్ల మీంచి మోయించి, ముందు వరసలో కూర్చోబెట్టించారు. డైరెక్టరు గారు మధ్యాహ్నానికి వచ్చారు. అప్పటిదాకా ఆవిడ కుర్చీలోనే ఉంది.

కొత్త వస్తువు దేనికైనా ముందు బొట్టు పెట్టాలి. ఆటోకైనా, ఆపరేషను బల్లకైనా మనకది తప్పదు. పురోహితుడు చెప్పగా దక్షిణామూర్తి గారు ఇనప్పెట్టె తీయించి, తాళం తీయించి, చేతితొడుగు వేసుకుని, తడి గంధం మీద కుంకుమ అద్ది, తెరకు సరిగ్గా నడినొసట, అంటే మధ్యబొమ్మ మీద, రూపాయి బిళ్లంత బొట్టు పెట్టారు. పెట్టె మూసి తాళం వేయించారు. తాళంచెవి పద్ధతి ప్రకారం ఇనప్పెట్టెలోకి వెళ్లిపోయింది. కొబ్బరికాయ కొట్టారు. డైరెక్టరు గారు మీట నొక్కారు. తెర వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

తడి బొట్టును ఆ తెర వేలనుకుంది. ఎవరో రోగి వేలు పెట్టి తియ్యకుండా నొక్కుతున్నారనుకుంది. నడిమధ్య తను ఏ బొమ్మ పెట్టిందో నీలవేణికి అప్పుడు గుర్తొచ్చింది. అత్యవసరమైనది చేతికందేలా ఉండాలని ఆ బొమ్మను మధ్యలో పెట్టింది. ఆవిడ గొంతే ఖంగుమని పలికింది.

"నాకు దొడ్డికి వస్తోంది. తొందరగా రండి."

డైరెక్టరు గారు ప్రసంగం మొదలుపెట్టారు. "మూగబోయిన గొంతులకు మన ప్రభుత్వం..."

"నాకు దొడ్డికి వస్తోంది. తొందరగా రండి."

"...సాంకేతిక పరిజ్ఞానం ద్వారా నేను మీకు హామీ ఇచ్చేదేమంటే..."

"నాకు దొడ్డికి వస్తోంది."

కింది వార్డు ఆయాకు ఆ కేక వినబడింది. ఏళ్ల తరబడి అలాంటి కేకలకు కదలని మనిషి. ఆవేళ పెద్దలు వచ్చారని వినికిడి బాగుంది కాబోలు, బెడ్‌పాన్ పట్టుకుని పరుగున మెట్లెక్కి సభలోకి వచ్చింది. అందరూ కూర్చుని ఉన్నారు, నిలబడింది డైరెక్టరు గారొక్కరే. ఆవిడ నేరుగా ఆయన దగ్గరికి వెళ్లి బెడ్‌పాన్ అందించింది.

వరాహాలరావు గారు దక్షిణామూర్తి గారి చెవిలో అన్నారు, "ఆ బొట్టు తుడిపించండి."

"బొట్టు చెరపడం అపచారం సార్. పైగా పూటకు ఇన్ని స్పర్శలని కోటా పెట్టాం, ఈ పూటవి పూజలో అయిపోయాయి."

"పోనీ స్విచ్చి ఆపండి."

"డైరెక్టరు గారి చేతుల మీదుగా వెలిగింది. ఆపే అధికారం ఆ హోదాకు తక్కువ కానివారికే ఉంటుంది."

డైరెక్టరు గారు ఎలాగోలా తేరుకుని, కెమెరాలు చూస్తున్నాయని గమనించి, పైడమ్మ దగ్గరికి నడిచి, మైకు ఆవిడ మూతి దగ్గర పెట్టారు. "ఏమ్మా, ఎలా ఉంది? చెప్పు." దక్షిణామూర్తి గారు వెనకనుంచి, "చెప్పమ్మా, సంతోషంగా ఉందని చెప్పు." వరాహాలరావు గారు, "చెప్పు చెప్పు, భయపడకు." చిత్రలేఖ గారు దూరంనుంచి, "మైకుకు తగలకుండా చెప్పాలి." యంత్రం ఆగకుండా, "తొందరగా రండి, తొందరగా రండి."

పైడమ్మ మొహం ఎర్రబడింది. ఎడమచేత్తో కుర్చీ చేతిని పిడికిట బిగించింది. మెడ నరాలు ఉబ్బాయి.

"నోరు ముయ్యండ్రా!"

మైకులో ఆ మాట ఆసుపత్రి నలుమూలలా వినబడింది. రేవులో వేలానికి లేచే గొంతది. యంత్రం తప్ప అందరూ నోరు మూశారు. ఎర్రయ్య కూర్చున్నచోటే కూలబడి తలపాగాలో మొహం దాచుకుని ఏడ్చాడు. "తిట్టింది," అంటున్నాడు, "మేడమ్ గారూ, మా ఆడది తిట్టింది."

డైరెక్టరు గారు ముందుగా తేరుకున్నారు. "మాట వచ్చింది," అని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. మూగవాడికి మాట వచ్చిందంటే ఏ మాట వచ్చిందని ఎవరడుగుతారు?

మర్నాడే పైడమ్మను ఇంటికి పంపెయ్యమన్నారు. నీలవేణి సూపరింటెండెంటు గారి గదిలోకి అనుమతి లేకుండా వెళ్లింది.

"సార్, అది కోపంలో వచ్చే మాట. తిట్టు తలలో వేరే దారిన వస్తుంది. ఎంత తీవ్రంగా మాట పోయినవాళ్లకైనా అది మిగులుతుంది. ఆవిడ ఇంకా నీళ్లు అడగలేదు. మొగుడి పేరు పిలవలేదు. ఇప్పుడు పంపిస్తే ఆ ఒక్క మాటే మిగులుతుంది. ఇంకొంతకాలం ఉంచండి. ఇప్పటికే చాలా పోగొట్టాం."

వరాహాలరావు గారు చూద్దాం అన్నారు. దక్షిణామూర్తి గారు చూశారు.

"రోగి నోరు విప్పింది. ఏ మాట విప్పిందన్నది మన పరిధిలోకి రాదు. ఇంకో విషయం. ఈ యంత్రాన్ని రోగి ఒక్కసారి కూడా ముట్టలేదు, మీరూ ముట్టలేదు. అయినా మాట వచ్చింది. అంటే ముట్టకపోయినా, థెరపిస్టు లేకపోయినా యంత్రం పనిచేస్తుందని రుజువైంది. అన్ని జిల్లాలకూ ఇదే పెట్టమని డైరెక్టరు గారి ఉత్తర్వు. మీ కాంట్రాక్టు ఈ నెలాఖరుతో ముగుస్తుంది మేడమ్. అభినందనలు, మీ కృషివల్లనే ఇది సాధ్యమైంది."

నీలవేణి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఏడవడం అయ్యాక మొహం కడుక్కుని, ఎర్రయ్యను వాళ్లిల్లెక్కడో అడిగింది.

జాలర్ల పేటలో వాళ్లిల్లు రేవుకు దగ్గర. ముందు సిమెంటు అరుగు. నీలవేణికి ఒక ప్రైవేటు క్లినిక్‌లో పని దొరికింది, పని అయ్యాక సాయంత్రం బస్సెక్కి అక్కడికి వెళ్లేది. అరుగంతా సుద్దముక్కతో బొమ్మలు గీసేది. పైడమ్మ చాప మీద కూర్చుని ఎడమచేత్తో ఒక్కో బొమ్మా ముట్టేది, అక్కడున్నవాళ్లందరూ ఆ మాట అనేవారు. ఎర్రయ్య అనేవాడు, పక్కింటి ఆడవాళ్లు వలలు అల్లుతూనే అనేవారు, దారిన పోయేవాళ్లు ఆగి అనేవారు. పెద్దాసుపత్రిలో కుదరని ఆ వందసార్లు అక్కడ రోజూ కుదిరేవి. వాన పడితే బొమ్మలు చెరిగిపోయేవి, మళ్లీ గీసేవారు. ఎవరూ మెమో ఇవ్వలేదు.

"అమ్మా, కోపం తెచ్చుకోకండేం," అన్నాడు ఎర్రయ్య ఒకరోజు, నీలవేణి గీసిన బొమ్మ చూసి. "ఇది సేప కాదు, ఆనపకాయ. నానేస్తాను ఉండండి." అతను గీసిన కోనాం చూసి పైడమ్మ నవ్వింది. వేలు పెట్టింది. పెదాలు చాలాసేపు కష్టపడ్డాయి.

"కో... నాం," అంది.

చేపల పేర్లు ముందు వచ్చాయి. తర్వాత నీళ్లు, కూడు. ఆ తర్వాత ఎర్రయ్య. అన్నీ రాలేదు. పోయిన నెలలు పోయినట్టే, అవి ఏ అరుగు మీదా దొరకవు. ఆ సంగతి నీలవేణికి తెలుసు, పైడమ్మకూ తెలుసు. రేవులో వేలం ఇక ఆవిడ పాడలేదు. కానీ ఒక మాట పక్కన ఇంకో మాట పెట్టడం నేర్చుకుంటోంది.

అలాంటి ఒక సాయంత్రం అరుగు ముందు జీపు ఆగింది. దక్షిణామూర్తి గారు దిగారు, వెంట కెమెరా పట్టుకుని ఒకతను దిగాడు. అన్ని జిల్లాల గాజుపెట్టెల్లోనూ ఆడించడానికి ఒక విజయగాథ తీస్తున్నారట. నీలవేణి గోడ పక్కన నిలబడింది, సుద్ద చేతిలోనే ఉంది. ఆయన ఆవిణ్ణి చూసి తలూపారు, అరుగు మీద బొమ్మలు తొక్కకుండా నడవడానికి ప్రయత్నించలేదు.

"ఏమ్మా పైడమ్మా, బాగున్నావా? మన యంత్రం గురించి ఒక్క మాట చెప్పు. నీకు అదేం చేసిందో చెప్పు, చాలు."

కెమెరా ఎర్రదీపం వెలిగింది. వలలు అల్లుతున్న చేతులు ఆగాయి. పైడమ్మ కెమెరాను చూసింది, ఆయన్ని చూసింది. ఎడమచేతి వేలు పైకెత్తింది. ఒక్కొక్క మాట వెతికి, పట్టుకుని, బయటికి తెచ్చింది. తిట్టు కాదు. కోపంగా కూడా లేదు.

"నన్ను... ముట్ట... నివ్వనేదు."

అది ఆవిడ సొంతంగా కూర్చుకున్న మొదటి వాక్యం. నీలవేణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

దక్షిణామూర్తి గారు కెమెరా అతని భుజం తట్టారు.

"పెదాలు బాగా కదిలాయి. చక్కగా వచ్చింది. బొమ్మ ఉంచి, మాట తీసెయ్. నా గొంతు పెడదాం."

ఇప్పుడు మీరు ఏ జిల్లా పెద్దాసుపత్రికి వెళ్లినా పై అంతస్తులో, సిమెంటు దిమ్మ మీద, గాజుపెట్టెలో అది రోజంతా ఆడుతుంటుంది. మెట్ల కింద స్ట్రెచర్ల మీద మాట పడిపోయినవాళ్లు తమ వంతు కోసం చూస్తుంటారు. తెర మీద పైడమ్మ వేలెత్తుతుంది, కష్టపడి పెదాలు కదుపుతుంది. దక్షిణామూర్తి గారి గొంతు వినిపిస్తుంది. "ఈ యంత్రం నాకు మాట ఇచ్చింది."